ఉప్పు ఎక్కువైన నవంబరు

బుచన్‌లోని ఆ అపార్ట్‌మెంట్లలో మెంగ్ ఒక్‌సున్ పేరు తెలియనివాళ్ళు లేరు. ఎంగిలి చేత్తో కాకిని తోలని మనిషని వెనకాల చెప్పుకునేవాళ్ళు. ఆ మాట చెవిన పడ్డా ఆవిడ నొచ్చుకునేది కాదు. "ఎంగిలి చెయ్యి కడిగిన నీళ్ళు మిరపమొక్కకి పోసుకుంటాను, కాకికెందుకు?" అనేది. ఉల్లిపొట్టు, ముల్లంగి తొక్కు, రొయ్య తలకాయలు ఆవిడ ఇంట్లో చెత్త కాదు. అన్నీ వలసంచిలో కట్టి పులుసు నీళ్ళలో మరిగించేది. క్యాబేజీ పైఆకులైతే బాల్కనీలో మేజోళ్ళ పక్కన తీగ మీద ఎండుతూ ఉండేవి. కొడుకు గ్యుతే ఒకసారి ఆఫీసుకి వెళ్ళే తొందరలో మేజోడు అనుకుని ఆకు లాగాడట.

ఆవిడ కీర్తి అంతా గేటు పక్కన ఉన్న చెత్తపెట్టెలో ఉంది. తిండి చెత్త వెయ్యాలంటే ఇంటి కార్డు చూపించాలి. మూత తెరుచుకుంటుంది, వేసినదాన్ని పెట్టె తూస్తుంది, ఆ బరువు ఇంటి పేరు మీద ఎక్కుతుంది. నెల మొదటి తారీఖున ఏ ఇల్లు ఎంత పారేసిందో లిఫ్టులో కాగితం అంటిస్తారు. కట్టాల్సిన డబ్బు చూస్తే నవ్వొస్తుంది, నెలంతా పారేసినా ఒక కాఫీ ఖరీదు కాదు. కానీ పరువు డబ్బుతో తూగదు కదా. ఐదేళ్ళుగా 103వ బ్లాకులో అందరికన్నా తక్కువ పారేసిన ఇల్లు 902, మెంగ్ పెద్దావిడ ఇల్లు.

ఆ ఇంటి కోడలు యోన్‌జు. కాపురానికొచ్చి ఆరేళ్ళయింది. మొగుడి జీతం పడే ఖాతా కార్డు అత్తగారి పర్సులో ఉండేది, ఆ పర్సు అత్తగారి దిండు కింద ఉండేది. సోమవారం సోమవారం చెయ్యి చాపాలి. పోయిన వేసవిలో ముచ్చటపడి ఒక్క పసుపు మెలన్ కొన్నందుకు మూడు రోజులు దాని ధర మీద చర్చ జరిగింది, నాలుగో రోజు గింజలు ఎండబెట్టారు. యోన్‌జుకి కోటలూ కొండలూ అక్కర్లేదు. ముప్ఫై నాలుగేళ్ళ మనిషి, అంగట్లో నిలబడి ఒక పండు కొనుక్కుని ఎవరికీ సంజాయిషీ చెప్పకుండా ఇంటికి రావాలని ఆశ. 

అలాంటిది, నవంబరు పదో తారీఖున అత్తగారే నోరు విప్పింది. వాందో దీవిలో చెల్లెలు సముద్రపు నాచు ఎండబెట్టే పని చేస్తుంది. ఏటా ఈ రోజుల్లో వెళ్ళి ఇరవై రోజులు సాయం చేస్తే ఏడాదికి సరిపడా నాచు ఊరికే వస్తుంది. ఆవిడ మూట కట్టుకుంటూ అంది:

"అమ్మాయ్, ఈసారి చలికాలం కిమ్చీ నువ్వొక్కదానివే పెట్టు. నా మోకాళ్ళు ఇంక ఆ తొట్టి ముందు కూర్చోలేవు."

"అలాగే అత్తయ్యా."

"ఒక మాట విను. ఒకటో తారీఖు కాగితంలో మన ఇంటి ఎదురుగా పది కిలోలు దాటకుండా ఉందనుకో, జీతం కార్డు నీ చేతిలో పెడతాను. ఇల్లు నువ్వే నడుపుకో."

యోన్‌జు చేతిలో గిన్నె ఆగిపోయింది. "దాటితే?"

"దాటితే ఏముంది, నేను పోయేదాకా గరిటె నాదే. మా వంశంలో ఆడవాళ్ళు తొంభై దాటుతారు, తెలుసుగా."

పాత క్యాలెండరు కాగితం వెనక ఆ క్యాబేజీ ఊరగాయ ఎలా పెట్టాలో వరసగా రాసిచ్చి, మధ్యాహ్నం బస్సుకి వెళ్ళిపోయింది.

యోన్‌జు పొదుపులో అత్తగారిని మించాలనుకుంది. ఫోనులో వెతికితే ఆఖరిరోజు అమ్మకం అంటూ పదహారు క్యాబేజీలు సగం ధరకి దొరికాయి. రెండు రోజులకి అట్టపెట్టెలు వచ్చాయి. తెరిచి చూస్తే క్యాబేజీలు రెండేసి ముక్కలుగా కోసి, ప్లాస్టిక్ సంచుల్లో కొంచెం వడిలి ఉన్నాయి. సగం ధరకొచ్చినవి వడిలిపోక నిగనిగలాడతాయా అనుకుంది. కోసే పని కూడా తప్పించారు, ఎవరోగాని మంచివాళ్ళు అని కూడా అనుకుంది. కాగితం ప్రకారం రాత్రంతా ఉప్పులో ఉంచింది. పొద్దున్నే మూడు నీళ్ళు కడిగింది. కారం, వెల్లుల్లి, ఊరిన చిన్న రొయ్యలు కలిపిన ముద్ద నాలుకకి రాసుకుని చూస్తే అద్భుతంగా ఉంది. ఆకు ఆకుకీ పట్టించి నాలుగు పెద్ద డబ్బాలు నింపేసరికి నడుం విరిగింది.

అట్టపెట్టెలు మడిచి కింద పడేద్దామని తిప్పినప్పుడు, గోడవైపు ఉన్న పక్కన బెత్తెడు అక్షరాలు కనిపించాయి. ఉప్పులో ఊరబెట్టిన క్యాబేజీ, నేరుగా వాడుకోవచ్చు.

అప్పటికే ఊరినదాన్ని ఆమె మళ్ళీ ఊరబెట్టిందన్నమాట. సాయంత్రం గ్యుతే అన్నంతో ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాడు, నమలడం ఆపాడు, మూడు గ్లాసుల నీళ్ళు తాగాడు.

"ఎలా ఉంది?"

"ఇది తినడానికా, జనవరిలో మెట్ల మీద మంచు కరిగించడానికా?"

"నవ్వకండి. నా జీవితం ఆ డబ్బాల్లో ఉంది."

"నీ జీవితంలో ముల్లంగి వెయ్యి. ఉప్పు లాగేస్తుందని మా ఆఫీసులో ఒకాయన అన్నాడు."

పది కిలోల ముల్లంగి తెచ్చి ముక్కలు చేసి డబ్బాల్లో కూరింది. మూడో రోజు చూస్తే కిమ్చీ ఉప్పు అలాగే ఉంది, ముల్లంగి కూడా నోట్లో పెట్టడానికి లేకుండా పోయింది. నలభై కిలోల బెడద యాభై అయింది. పారేస్తే యాభై, కాగితంలో ఉండాల్సింది పదిలోపు. ఇక అత్తగారు తొంభై దాటేదాకా సోమవారాలే.

మొదట తూకం లేని మామూలు చెత్తసంచిలో అడుగున దాచి కిందికి తీసుకెళ్ళింది. కాపలా హామ్ గారికి డెబ్బై ఏళ్ళు, కళ్ళద్దాలు లేనిదే పేపరు చదవలేడు, కానీ చెత్త విషయంలో ఆయన ముక్కు కుర్రాడిది. కర్రతో సంచిని ఒక పోటు పొడిచాడు.

"902 కోడలమ్మా, ఇందులో వెల్లుల్లి వాసనొస్తోంది."

"చేతులకండీ. నిన్న వెల్లుల్లి వొలిచాను."

"చేతులు మీ దగ్గరున్నాయి, వాసన సంచిలోంచి వస్తోంది."

సంచి మళ్ళీ పైకెక్కింది. తర్వాత ఆమెకి ఇంకో పాడుబుద్ధి పుట్టింది. ఒకరు చెత్త వేశాక మూత మూసుకోవడానికి కాస్త సమయం పడుతుంది, ఆ సందులో మనది వేస్తే బరువు వాళ్ళ పేరు మీద పడుతుంది. ఆడవాళ్ళ సంఘం పెద్ద, 1101లో ఉండే ప్యో గారు పెట్టె దగ్గరికి వెళ్తుంటే, యోన్‌జు సంచి వెనకాల పెట్టుకుని పిల్లిలా నడిచింది. ప్యో గారు చెత్త వేసి వెనక్కి తిరిగింది.

"అయ్యో, బరువుగా ఉన్నట్టుంది, ఇలా ఇవ్వమ్మా, పట్టుకుంటాను."

"వద్దండీ, వద్దు. ఇది... మీకే తెస్తున్నాను."

నోటికొచ్చింది అనేసింది. సంచి విప్పి చూసి ప్యో గారు కరిగిపోయింది. "కొత్త కిమ్చీయా? ఎంత మనసమ్మా నీది. మీ అత్తగారైతే ఒక్క ఆకు ఇచ్చే మనిషి కాదు."

అక్కడ వెలిగింది యోన్‌జు బుర్ర. కిమ్చీ పెట్టిన ఇల్లు ఇరుగుపొరుగుకి ఒకటో రెండో ఇవ్వడం మర్యాద, ఇచ్చినదాన్ని వద్దనడం ఎవరికీ చేతకాదు. ఆ సాయంత్రం నుంచి మొదలుపెట్టి మూడు రోజుల్లో ఇంకో పదమూడు తలుపులు తట్టింది. డబ్బాలో ఒక నిండు క్యాబేజీ, పక్కన ముల్లంగి ముక్కలు, మొహాన నవ్వు. "కొత్తగా పెట్టాను, ఎలా ఉందో ఏమో" అనేది. అందరూ "నీ చెయ్యి పడ్డాక బాగుండకేమమ్మా" అనేవాళ్ళు. తలుపు మూసుకోగానే ఆమె మెట్ల మీద కూర్చుని నిట్టూర్చేది. సిగ్గేసింది, నిజమే. కానీ మెలన్ కూడా గుర్తొచ్చింది.

ఇచ్చిన డబ్బా ఖాళీగా తిరిగి రావడం అక్కడ అప్రదిష్ట. కాబట్టి ఒక్కొక్కటే నిండి తిరిగొచ్చాయి. ఒక దాంట్లో మాగిన పెర్సిమన్ పళ్ళు, ఇంకోదాంట్లో నువ్వుల నూనె సీసా, ఒకరు చిలగడదుంపలు, ఒకరు బియ్యపు రొట్టెలు, ఒకరు కమలాలు. పక్కన 904లో ఉండే దోయున్ వాళ్ళమ్మ ఏకంగా గుడ్ల అట్ట పట్టుకొచ్చింది.

"మీ కిమ్చీ మా ఆయన లొట్టలేసుకుని తిన్నాడనుకోండి."

"నిజంగానా?"

"ఒట్టు. గిన్నె కూడా నాకేశాడు."

పాపం ఆయనకి దాహం ఎలా తీరిందో అనుకుంది యోన్‌జు. పది రోజులు బజారుకి వెళ్ళే పనే పడలేదు.

ఒకటో తారీఖు పొద్దున్నే మెంగ్ పెద్దావిడ వీపున నాచు మూటతో లిఫ్టు ఎక్కింది. మూట దింపడానికి కిందికి వెళ్ళిన యోన్‌జు పక్కనే నిలబడింది. ఇద్దరి కళ్ళూ ఒకేసారి కాగితం మీద పడ్డాయి. 902 ఎదురుగా ఆరు కిలోలు, బ్లాకులో అన్నిటికన్నా తక్కువ. అత్తగారి వీపు మూటతో సహా నిటారైంది. యోన్‌జు మాత్రం పై వరసలు చూసి నోరు మూసుకుంది. ఎప్పుడూ ఏడో ఎనిమిదో ఉండే ఇళ్ళు పదకొండు, పన్నెండు అయ్యాయి. అలా ఉబ్బినవి లెక్కపెడితే సరిగ్గా పద్నాలుగు. ఆమె ఇచ్చిన కిమ్చీ ఏ కడుపులోకీ వెళ్ళలేదు, నేరుగా పెట్టెలోకే వెళ్ళింది. ఎవరి కార్డు మీద వాళ్ళే వేసుకున్నారు పాపం.

పది గంటలకి కింద ముసలివాళ్ళు కూర్చునే పెద్దల గదిలో ఆడవాళ్ళ సమావేశం పెట్టారు. మొత్తం సముదాయంలో 103వ బ్లాకే ఎక్కువ పారేసిందట. ప్యో గారు కాగితం చదువుతూ తన ఇంటి అంకె దగ్గర దగ్గింది. పద్నాలుగు మంది ఆడవాళ్ళు నేల మీది చాప అల్లిక చూస్తూ కూర్చున్నారు. పారేసింది తానొక్కతే అని ప్రతి ఒక్కరి బాధ. ఏం పారేశామో చెబుదామంటే ఇచ్చిన మనిషి ఎదురుగా కూర్చుని ఉంది. ఆ ఇచ్చిన మనిషి దొంగకి తేలు కుట్టినట్టు కిక్కురుమనకుండా ఉంది.

మెంగ్ పెద్దావిడ లేచింది. ఇలాంటి రోజు కోసమే ఆవిడ ఐదేళ్ళుగా ఆకులు ఎండబెట్టింది మరి.

"తిండి పారేసే చెయ్యి అదేం చెయ్యమ్మా? నేను పెళ్ళయిన కొత్తలో క్యాబేజీ వేరు కూడా ఉడకబెట్టుకు తిన్నాను. మా కోడల్ని చూడండి. ఒంటిచేత్తో నలభై కిలోల కిమ్చీ పెట్టింది, ఆరు కిలోలు పారేసింది. మీకు పుట్టిన మాయరోగం ఏమిటి? పారేసేటప్పుడు పెట్టినవాళ్ళ కష్టం గుర్తు రాదూ?"

దోయున్ వాళ్ళమ్మ చెవులు ఎర్రబడ్డాయి. ప్యో గారు యోన్‌జు వంక క్షమించమన్నట్టు చూసింది. యోన్‌జు కూడా చాప అల్లిక చూడటం మొదలుపెట్టింది. పెద్దావిడ పావుగంట వాయించి, గొంతు ఎండాక కూర్చుంది.

ఇంటికి రాగానే "ఏదీ, నీ కిమ్చీ రుచి చూద్దాం" అంటూ కిమ్చీ ఫ్రిజ్ మూత ఎత్తింది. మూడు డబ్బాలు కడిగి బోర్లించి ఉన్నాయి. నాలుగో దాంట్లో అడుగున, పంచడానికి ఇల్లు దొరకని రెండు క్యాబేజీలు ఉన్నాయి.

"మిగతావేవీ?"

"పంచానత్తయ్యా. ఇరుగుపొరుగుకి."

"ఎన్ని?"

"పద్నాలుగు."

పెద్దావిడ గోడ పట్టుకుంది. చెత్తలో పోయిందన్నా అంత దెబ్బ తగిలేది కాదేమో. "చలికాలం అంతా ఏం తింటావే? దానకర్ణుడి చెల్లెలివా? అందుకేనా నీ చెత్త ఆరు కిలోలు? తిండంతా ఊళ్ళోకి తోలితే ఇంట్లో చెత్తేం ఉంటుంది!"

రుచి సంగతి ఆవిడకి గుర్తే లేదు. ఖాళీ డబ్బాలు చక్రాల బండి మీద పెట్టుకుని బయల్దేరింది. యోన్‌జు చెయ్యి పట్టుకుని ఆపబోయింది. "ఇచ్చినది అడిగితే ఏం బాగుంటుందత్తయ్యా!"

"అడుక్కుంటే అడుక్కున్నానంటారు. ఏప్రిల్ దాకా కిమ్చీ కొనుక్కు తినమంటావా? పద."

మొదటి తలుపు 904.

"దోయున్ వాళ్ళమ్మా, మా పిల్ల లెక్కచూసుకోకుండా అంతా పంచేసింది. ఇంట్లో మెతుకుకి తోడు లేదు. నీకిచ్చినదాంట్లో సగం ఉంటే పెట్టమ్మా."

దోయున్ వాళ్ళమ్మ మొహంలో నెత్తుటి చుక్క లేదు. "అయ్యో, దానికేం, ఉంది పెద్దమ్మగారూ. ఉండకేం?" అని లోపలికి పరిగెత్తింది. కాసేపు గిన్నెల చప్పుడయింది. తిరిగొచ్చి ఒక నిండు క్యాబేజీ డబ్బాలో పెట్టింది. "సగం ఎందుకు, మొత్తం తీసుకోండి." యోన్‌జు కళ్ళల్లోకి మాత్రం చూడలేదు.

పద్నాలుగు గుమ్మాల్లోనూ అదే తంతు. పారేశామని ఏ నోటితో చెబుతారు, పొద్దున్నే ఆ వాయింపు తిన్నాక? ప్రతివాళ్ళూ తమ సొంత కిమ్చీలోంచి మంచిదే ఏరి తెచ్చారు. ప్యో గారైతే తప్పు చేసిన బరువుతో రెండు పెట్టింది. అడిగితే లేదన్న ఇల్లు లేదు. బండి నిండేసరికి పెద్దావిడ కోపం కూడా చల్లబడింది. "నయం, ఎవరూ ముట్టుకోకుండా దాచుకున్నారు" అంది లిఫ్టులో.

బల్ల మీద పళ్ళెం పెట్టి డబ్బాల్లోని ఒక్కొక్క క్యాబేజీ నుంచి ఒక్కొక్క ముక్క కోసింది. మొదటి ముక్కలో పచ్చి ఆల్చిప్పలు తగిలాయి.

"ఆల్చిప్పలు కొన్నావా? ఈ ధరల్లోనా?"

యోన్‌జు ఆ డబ్బాకి మూత పెట్టబోయింది. రెండో ముక్క కారం లేకుండా తెల్లగా ఉంది. మూడోది చేప వాసనతో ఘాటుగా ఉంది. నాలుగో దాంట్లో పియర్ ముక్కలు, ఐదోదాంట్లో ఆవాకులు. తొమ్మిదో ముక్క దగ్గర పెద్దావిడ చాప్‌స్టిక్స్ కింద పెట్టేసింది.

"అమ్మాయ్. ఒక తొట్టిలో కలిపిన కిమ్చీకి తొమ్మిది రుచులు ఎలా వచ్చాయి?"

ఇంక దాచి లాభం లేదు. ఆ అడుగున మిగిలిన రెండిట్లో ఒకదాని ఆకు చించి, యోన్‌జు అత్తగారి ముందు పెట్టింది. పెద్దావిడ నమిలింది. మొహంలో కదలిక లేదు. మింగింది. లేచి నీళ్ళు తాగింది, మళ్ళీ తాగింది.

"ఎంతసేపు ఊరబెట్టావు?"

"రెండుసార్లు. ఒకసారి వాళ్ళు, ఒకసారి నేను." అట్టపెట్టె నుంచి ప్యో గారి దాకా అన్నీ చెప్పేసింది. చెబుతూ ఏడుపు ఆపుకోలేకపోయింది. "నాకు ఆ కార్డు కావాలనిపించిందత్తయ్యా. ఆరేళ్ళుగా పావలా వస్తువుకి కూడా మీ మొహం చూడాల్సి వస్తోంది. తప్పేనని తెలుసు."

పెద్దావిడ ఆ క్యాబేజీ తీసుకుని సింకు దగ్గరికి నడిచింది. మూడు నీళ్ళు కడిగి, కాసేపు నీళ్ళలో వదిలి, గట్టిగా పిండి, సన్నగా తరిగి నువ్వుల నూనె చుక్క కలిపింది. ఒక ముద్ద కోడలి నోట్లో పెట్టింది. బాగుంది.

"ఇంతే కదే. ఫోను చేస్తే చెప్పేదాన్ని."

"ఫోను చేస్తే కార్డు ఇచ్చేవారా?"

"ఇచ్చేదాన్ని కాదు." ఆవిడ అబద్ధం చెప్పే మనిషి కాదు. తువ్వాలుతో చేతులు తుడుచుకుంది. "ఇప్పుడు కూడా ఇవ్వను. కాగితం మీద ఆరు కిలోలైతే సరా? మన చెత్త పద్నాలుగు ఇళ్ళ నెత్తిన రుద్దావు. అది పొదుపు కాదు, జేబుకొట్టుడు."

యోన్‌జు కళ్ళు తుడుచుకుంది.  తర్వాత లేచి గోడకి వేలాడుతున్న సంచిలోంచి పెన్ను తీసింది.

"మీరన్నది న్యాయమే అత్తయ్యా. అయితే లెక్క సరిచేసి వస్తాను. లిఫ్టు కాగితంలో మన ఆరు కొట్టేసి యాభై రాస్తాను. ఆ పద్నాలుగు తలుపులూ తట్టి, పొద్దున్న మా అత్తయ్య మిమ్మల్ని తిట్టింది మా ఇంటి ఉప్పు గురించే, క్షమించండని చెప్పి, ఈ కిమ్చీ ఎవరిది వాళ్ళకి ఇచ్చేస్తాను."

ఆమె నిజంగానే చెప్పులు వేసుకుంది. పెద్దావిడ బల్ల మీది పద్నాలుగు ఇళ్ళ కిమ్చీ వంక చూసింది. పెద్దల గదిలో పావుగంట తాను అన్న మాటలు ఒక్కొక్కటే గుర్తొచ్చినట్టున్నాయి. మాయరోగం దగ్గరికి వచ్చేసరికి కళ్ళు మూసుకుంది.

"ఆ పెన్ను రాస్తుందా?"

"రాస్తుంది."

"కూర్చో."

"ఎందుకత్తయ్యా, రెండు నిమిషాల పని."

"కూర్చోమన్నానా."

పెద్దావిడ తన గదిలోకి వెళ్ళింది. దిండు ఎత్తిన చప్పుడు వినిపించింది. తిరిగొచ్చి కార్డు బల్ల మీద పెట్టింది, కానీ వేలు దాని మీదినుంచి తియ్యలేదు. యోన్‌జు కూడా తొందరపడలేదు.  ఉన్నట్టుండి పెద్దావిడ భుజాలు ఊగడం మొదలైంది. ఏడుస్తోందనుకుని యోన్‌జు భయపడింది. ఆవిడ నవ్వుతోంది, ఆరేళ్ళలో యోన్‌జు ఎన్నడూ వినని నవ్వు.

"నాకన్నా పొదుపుగా ఇల్లు నడుపుతావులేవే," అంది వేలు తీసేస్తూ. "నేను తిట్టిన తిట్లు కూడా వృథా పోనివ్వలేదు."